డయాబెటిస్‌లో 'బెట్' ఉంది

మా బడి కంప్యూటర్ గది తాళం మూడేళ్లుగా నా బ్యాగులోనే ఉంటోంది. నేను చెప్పేది లెక్కలు. రౌటర్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునేది స్టాఫ్‌రూమ్‌లో నేనొక్కదాన్నే కాబట్టి ల్యాబ్ కూడా నాకే అంటగట్టారు. ఉన్నవి పది కంప్యూటర్లు, నడిచేవి ఎనిమిది.

పోయినేడు పేరెంట్స్ మీటింగులో ఒకాయన లేచి, "మావాడు మీ బళ్లో బెట్టింగ్ సైట్లు చూస్తున్నాడు, మీరేం చేస్తున్నట్టు?" అని నిలదీశాడు. ఆ పిల్లాడు చూసింది ఆయన ఫోనులోనే అని తర్వాత తేలింది. అప్పటికే హెచ్.ఎం. గారికి టెన్షన్ పట్టుకుంది. "ఏదో ఒకటి చెయ్యండి మేడమ్" అన్నారు.

రౌటర్‌లో కీవర్డ్ బ్లాకింగ్ అని ఒక పేజీ ఉంది. అందులో పోర్న్, సెక్స్, బెట్, గేమ్ అంటూ ఇంగ్లిష్ మాటలు వరసగా కొట్టాను. తెలుగు బూతులు కూడా చేరుద్దామనుకున్నాను గానీ, పక్కనే హిందీ మాస్టారు కూర్చుని ఉంటే చేతులు రాలేదు.

నవంబరులో పదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. "టీచర్, నెట్ పోయింది."

పోలేదు. పక్క సిస్టమ్‌లో సైన్సు పాఠం వీడియో నడుస్తూనే ఉంది. నవంబరు 14న బాలల దినోత్సవం, అదే రోజు ప్రపంచ డయాబెటిస్ దినోత్సవం కూడా. ఆ రోజు కోసం చేస్తున్న చార్టుకని ఆ పిల్ల డయాబెటిస్ దినోత్సవం సైటు తెరుస్తోంది. స్పెల్లింగు సరిచూద్దామని వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివించాను. "డి, ఐ, ఏ, బి, ఇ, టి..." అక్కడే ఆగిపోయాం ఇద్దరం. డయాబెటిస్ కడుపులో నా 'బెట్' కూర్చుని ఉంది!

అడ్రసు మొదట్లో హెచ్‌టీటీపీ అని ఉండే పాతకాలం పేజీ పోస్టుకార్డు లాంటిది, దారిలో ఎవరైనా చదివేయొచ్చు. ఆ హెచ్‌టీటీపీ చివర 'ఎస్' చేరాక అది అంటించిన కవరు. పోస్ట్‌మ్యాన్‌కి అడ్రసు కనిపిస్తుంది, లోపలేముందో తెలియదు. మా రౌటర్ కూడా అంతే, సైటు పేరులో అక్షరాలు చూసి తీర్పు చెప్పేస్తోంది. 1996లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఇంగ్లండ్‌లోని స్కన్‌తోర్ప్ ఊరివాళ్లకు అకౌంట్లు ఇవ్వకుండా ఆపింది. ఊరి పేరు మధ్యలో ఒక బూతు మాట ఇరుక్కుని ఉందట. ఇన్నేళ్ల తర్వాత అదే తప్పు నేనూ చేశాను.

అప్పటికప్పుడు లిస్టు మొత్తం చెరిపేశాను. ఆ పిల్ల చార్టు కింద, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు 14 నవంబరు 1891 అని రాసింది. రాస్తూ, "నాయనమ్మ రాత్రిళ్లు చపాతీయే తింటోంది టీచర్, చాలదా?" అని అడిగింది. సైటు తెరిపించింది అసలు అందుకే అనుకుంటా.

తర్వాత ఓపెన్‌డీఎన్‌ఎస్ పెట్టాను. మనం సైటు పేరు కొడితే దాని నంబరు వెతికి ఇచ్చే డైరెక్టరీ అది. జూదం, గేములు, పెద్దల సైట్లు అని విభాగాలు ఉంటాయి, టిక్ పెడితే ఆ నంబర్లు ఇవ్వదు. మాటల్లో అక్షరాలు ఏరడం కంటే వెయ్యి రెట్లు నయం. కాకపోతే మా ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్‌కి కొత్త ఐపీ, అంటే నెట్‌లో మా గుర్తింపు నంబరు, వస్తుంది. ఆ సంగతి ఓపెన్‌డీఎన్‌ఎస్‌కి చెప్పే ప్రోగ్రాము ఉన్న సిస్టమ్ ఆన్ చేసేదాకా నా టిక్కులు ఒక్కటీ పనిచేయవు. కరెంటు వచ్చిన మొదటి పది నిమిషాలే గేముల టైమని పిల్లలు నాకంటే ముందే కనిపెట్టారు.

అదీ సర్దాను. నెల తిరక్కుండానే తొమ్మిదో తరగతి కుర్రాడి స్క్రీన్ మీద మళ్లీ కార్ల రేసు. క్రోమ్ సెట్టింగుల్లోకి వెళ్లి సెక్యూర్ డీఎన్‌ఎస్ దగ్గర వేరే కంపెనీని ఎంచుకున్నాడు. నా డైరెక్టరీ పక్కనపెట్టి వాడి డైరెక్టరీ వాడుకుంటున్నాడన్నమాట. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, "యూట్యూబ్‌లో టీచర్" అన్నాడు. పాఠాల కోసమని నేను తెరిచి ఉంచిందే.

కోపం రాలేదంటే అబద్ధం. వాణ్ని బయటికి పంపి, రాత్రి ఇంట్లో కూర్చుని చదువుకుని, మర్నాడు ఎనిమిది సిస్టముల్లోనూ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఆ సెట్టింగు మూసేశాను. పిల్లలకు అడ్మిన్ కాని అకౌంటు ఇచ్చాను. రెండు పీరియడ్లు పట్టింది.

ఇప్పుడు తలుపు పక్కన దారం కట్టిన నోట్‌బుక్ ఒకటి వేలాడుతోంది. తెరుచుకోని సైటు పేరు, ఎందుకు కావాలో అందులో రాయాలి. శనివారం కూర్చుని చూస్తాను. ఆ కుర్రాడు ఇప్పటికి ఎనిమిది రాశాడు. ఏడు కార్ల రేసులు. ఎనిమిదోది చెస్. అది తెరిచాను.