కీమోలో పోయిన వినికిడి, తిండి చేసిన సాయం

రెండో విడత కీమో అయ్యాక చెవిలో జోరీగ దూరినట్టు మోత మొదలైంది. పక్కనే అలారం మోగుతున్నా నాకు వినిపించడం లేదని ఇంట్లోవాళ్లు గమనించి డాక్టరుకు చెప్పారు.

వినికిడి పరీక్షలో గీత 4,000 హెర్ట్జ్ దాకా బాగానే ఉంది. అక్కడినుంచి జారి, 8,000 దగ్గర అడుగుకు పడిపోయింది. నాకిస్తున్న కీమో మందు సిస్‌ప్లాటిన్ తీరే అంతట. లోపలి చెవిలో సన్నటి, కీచు శబ్దాలను పట్టే రోమ కణాలను ముందు తింటుంది. మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. పైగా ఆ మందు లోపలి చెవిలో నెలలు, ఏళ్లు ఉండిపోతుంది.

తిండి సంగతి రక్త పరీక్షతో బయటపడింది. రక్తంలో ఉండే ప్రోటీన్ అల్బుమిన్ తక్కువ, మెగ్నీషియం ఇంకా తక్కువ. వాంతులతో నేను తినకపోవడం ఒకటైతే, ఈ మందు మెగ్నీషియాన్ని మూత్రంలో పోగొట్టడం ఇంకొకటి. చెవి కణాలకు కాపలా కాసే గ్లూటాథయోన్‌ను ఒళ్లు ప్రోటీన్‌తోనే తయారుచేసుకుంటుందని డైటీషియన్ చెప్పారు. ఇలాగే చెవులను దెబ్బతీసే యాంటీబయాటిక్ జెంటామైసిన్ ఇచ్చిన గినీ పందులపై ప్రయోగం చేస్తే, అదనపు గ్లూటాథయోన్ ప్రోటీన్ తక్కువైన వాటి చెవులనే కొంత కాపాడిందట. సరిగ్గా తింటున్న వాటికి ఒరిగిందేమీ లేదు! నాకు నచ్చిన మాట ఇదే.

మరి యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకోనా అని అడిగాను. ‘చెవినే కాకుండా గడ్డను కూడా కాపాడితే?’ అన్నారు డాక్టర్. నోరు మూసుకున్నాను.

మెగ్నీషియం సెలైన్‌లో ఎక్కించారు. మిగతాది నా పని. వాంతుల మాత్ర వేసుకుని, కాసేపాగి, గుడ్డో పప్పో పెరుగో కొంచెం కొంచెంగా తినేవాణ్ణి. స్టీలు చెంచా నోట్లో పెడితే ఇనుము నాకినట్టుండేది, ప్లాస్టిక్ చెంచాకు మారాక నాలుగు ముద్దలు ఎక్కువే దిగాయి. వేడి తిండి వాసనకే కడుపులో తిప్పేది కాబట్టి అన్నీ చల్లారాకే.

తర్వాతి విడతల్లో డాక్టర్ కార్బోప్లాటిన్‌కు మార్చారు. అది చెవుల మీద కాస్త నయం. అందుకే వినికిడి ఇంకా దిగజారకుండా ఆగిన ఘనతంతా తిండికే కట్టబెట్టను. కానీ అల్బుమిన్ పెరిగాక నీరసం తగ్గింది, విడతలు వాయిదా పడకుండా పూర్తయ్యాయి.

పోయిన కీచు శబ్దాలు తిరిగి రాలేదు. గోలలో ‘స’కూ ‘ఫ’కూ తేడా తెలియక వినికిడి యంత్రం పెట్టుకుంటున్నాను. ఇప్పుడు ఏ డాక్టర్ కొత్త మందు రాసినా, అది చెవులకు పడుతుందా అని ముందే అడుగుతున్నాను.