క్రయోజెనిక్ ఇంజిన్ నేర్పిన జవాబు

మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు,

చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకున్న రెండేళ్లలో నేను ఎక్కువసార్లు తిరగరాసిన జవాబు ‘అంతరిక్షంలో దేశాల పోటీ, సహకారం’. మొదట కాగితం మధ్యలో గీత గీసుకున్నాను. ఎడమవైపు పోటీ: 1957 స్పుత్నిక్, 1961 గగారిన్, 1969 అపోలో 11. కుడివైపు సహకారం: 1975లో అమెరికా, సోవియట్ నౌకలు కలిసిన అపోలో–సోయుజ్, 1998లో మొదలైన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. మాక్ టెస్టులో పదిహేనుకు ఐదు మార్కులు వచ్చాయి. ‘సంవత్సరాలు ఉన్నాయి, కారణాలు లేవు’ అని పక్కన ఎర్ర సిరాతో రాశారు. ఆ మాట నిజమే.

అప్పుడు గీత చెరిపేసి ఒక్క క్రయోజెనిక్ ఇంజిన్ కథనే పట్టుకున్నాను. బరువైన సమాచార ఉపగ్రహాలను భూస్థిర కక్ష్య వైపు పంపడానికి రాకెట్‌లో అతి చల్లని ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో మండే పై దశ కావాలి; అదే క్రయోజెనిక్ ఇంజిన్. దానికోసం 1991లో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ నియమాలను చూపి 1992లో అమెరికా రెండు సంస్థలపైనా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గింది. తయారైన ఇంజిన్లు ఇస్తాను గానీ పరిజ్ఞానం ఇవ్వనంది. ఇక్కడ కాసేపు ఆగండి. హైడ్రోజన్‌ను సుమారు మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచితేనే ద్రవంగా నిలుస్తుంది. ముందే నింపి సిద్ధంగా ఉంచలేని ఇంజిన్ క్షిపణికి ఎంతవరకు పనికొస్తుంది? ఆంక్షల వెనుక వాణిజ్య పోటీ కూడా ఉందన్న వాదనకు బలం ఈ ప్రశ్నే. జవాబులో తప్పక రాయండి.

స్వదేశీ ఇంజిన్‌తో 2010లో చేసిన తొలి ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న అదే ఇంజిన్‌తో జీఎస్ఎల్వీ–డీ5 రాకెట్ గెలిచింది. ఈలోగా, 2008లో, చంద్రయాన్–1 నాసా పరికరాన్ని మోసుకెళ్లింది; చంద్రుడి నేలపై నీటి జాడ దొరకడంలో ఆ పరికరానిదే ప్రధాన పాత్ర. 2025 జులై 30 సాయంత్రం శ్రీహరికోటలో నాసా, ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం ఎగిరింది. అందులో ఎల్ బ్యాండ్ రాడార్ నాసాది, ఎస్ బ్యాండ్ రాడార్ ఇస్రోది. దాన్ని కక్ష్యకు చేర్చిన రాకెట్ పై దశ మన క్రయోజెనిక్ ఇంజిన్‌దే. అశోక్‌నగర్ గదిలో నలుగురం ఒకే ఫోనులో ఆ ప్రయోగం చూశాం. నాకు కళ్లు చెమర్చాయి.

ఉదాహరణగా మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మను కూడా వాడుకోవచ్చు. 1984లో ఆయన వెళ్లింది సోవియట్ నౌకలో. కానీ ఒక వాక్యం చాలు.

ప్రస్తుతం ఇదే పద్ధతిలో చైనా భాగం రాస్తున్నాను. చైనాతో నాసా నేరుగా కలిసి పనిచేయడంపై 2011లో అమెరికా చట్టం ఆంక్షలు పెట్టింది. 2021లో చైనా సొంత అంతరిక్ష కేంద్రం తియాంగాంగ్ మొదటి భాగాన్ని ప్రయోగించింది. ఈ రెండింటి మధ్య పదేళ్లలో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఇప్పటికి రెండు కుదిరాయి.