65-7 నన్ను ఏడిపించలేదు, 31-28 ఏడిపించింది

మా ఆఫీసులో నన్ను ఆటపట్టించడానికి ఎవరికైనా ఒక్క అంకె చాలు. లంచ్ బిల్లు ఎంతైందంటే 65 అంటారు. మీటింగ్‌కి ఎంతమంది వస్తున్నారంటే 65 అంటారు. వాళ్ళలో సగం మందికి అది ఏ ఆటో కూడా సరిగ్గా తెలీదు, కానీ అంకె మాత్రం గుర్తుంది.

సంగతేమిటంటే, 2023 జనవరి 9 రాత్రి లాస్ ఏంజెలిస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో, సోఫై స్టేడియంలో, అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. జార్జియా 65, టీసీయూ 7. టీసీయూ అంటే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ, మా వాళ్ళు. నేను అక్కడ చదువుకున్నానని కాదు. ఒక ఎయిర్‌లైన్స్ ప్రాజెక్ట్ మీద కొన్నాళ్ళు ఫోర్ట్ వర్త్‌లో ఉన్నాను. శనివారం వచ్చిందంటే ఊళ్ళో సగం మంది వంకాయ రంగు చొక్కాల్లో కనిపించేవాళ్ళు. పక్క అపార్ట్‌మెంట్ పెద్దాయన ఒకసారి టికెట్ మిగిలిందని ఆమన్ కార్టర్ స్టేడియానికి లాక్కెళ్ళాడు. అక్కడ పట్టుకున్న పిచ్చి బెంగళూరు రామమూర్తి నగర్ వచ్చినా వదల్లేదు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు ఇది, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. టీమ్ పేరు హార్న్‌డ్ ఫ్రాగ్స్. పేరుకే కప్ప, నిజానికి ఒళ్ళంతా ముళ్ళున్న బల్లి జాతి జీవి. భయమేస్తే కళ్ళల్లోంచి రక్తం చిమ్ముతుంది. ఇంతకంటే మంచి గుర్తు ఏ టీమ్‌కైనా ఉందా చెప్పండి.

మనకి ఫైనల్ మంగళవారం పొద్దున ఆరు దాటాక మొదలైంది. సంక్రాంతి వారంలో పడింది, అమ్మ హిందూపురం నుంచి వచ్చి ఉంది. మొదట 10-0 వెనకబడ్డాం. తర్వాత మా క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపించేవాడు) మ్యాక్స్ డగ్గన్ తనే బంతి పట్టుకుని దూరి 10-7 చేశాడు. ఆ కాసేపూ నేను సోఫా మీద నిలబడే ఉన్నాను. ఆ తర్వాత మా స్కోరు కదల్లేదు. హాఫ్ టైమ్‌కి 38-7. అమ్మ కాఫీ తెచ్చి నా మొహం చూసింది.

"ఏమైందిరా, పొద్దున్నే అట్ల కూర్చున్నావు?"

"మా వాళ్ళు ఓడిపోతున్నారమ్మా."

"ఇండియానా?"

"కాదు. టెక్సస్‌లో ఒక కాలేజీ."

"దానికి నీకేంరా నొప్పి? లే, పాలు అయిపోయినాయి, రెండు నందిని ప్యాకెట్లు పట్టుకొని రాపో."

పాలు తెచ్చేసరికి ఇంకో టచ్‌డౌన్ (బంతితో గీత దాటితే ఆరు పాయింట్లు) పడింది. నాలుగో క్వార్టర్‌లో ఇంకా 13 నిమిషాలు మిగిలి ఉండగానే జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ టైమవుట్ తీసుకుని మరీ తన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్‌ని బయటికి పిలిచాడు, జనం లేచి చప్పట్లు కొట్టడం కోసం. అవతలివాడు సన్మానాలు మొదలుపెట్టాక మనం టెన్షన్ పడి ఏం లాభం? చిత్రమేమిటంటే అప్పటికి నాకు ఏ బాధా లేదు. ఇడ్లీ తిన్నాను. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎప్పటిలాగే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ఆఫీసుకెళ్ళి పని చేసుకున్నాను.

దీనికి ఐదు వారాల ముందు మాత్రం అలా లేను. డిసెంబర్ 3, ఆర్లింగ్టన్‌లో, మా లీగ్ బిగ్ 12 ఫైనల్. అప్పటికి మేం 12 ఆటలు ఆడి 12 గెలిచాం. అవతల కాన్సస్ స్టేట్. మనకి శనివారం రాత్రి పదిన్నరకి మొదలై అర్ధరాత్రి దాటి చాలాసేపు సాగింది. నాలుగో క్వార్టర్‌లో 28-17తో వెనకబడి ఉన్న స్థితి నుంచి డగ్గన్ ఒంటి చేత్తో లాక్కొచ్చాడు. ఊపిరి అందక మోకాళ్ళ మీద పడిపోతూ 28-28 చేశాడు. ఓవర్‌టైమ్‌లో బంతి మాకే ముందు వచ్చింది. గోల్ గీతకి గజం కూడా లేదు. నాలుగో, అంటే చివరి ప్రయత్నంలో కెండ్రె మిల్లర్‌కి బంతి ఇచ్చారు, వాళ్ళు గోడ కట్టి ఆపేశారు. తర్వాత వాళ్ళు వచ్చి ఒక ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నితే మూడు పాయింట్లు) కొట్టుకుని పోయారు. 31-28.

ఆ గజం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. మూడో ప్రయత్నంలో డగ్గనే దూరి ఉంటే? ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకుని ఉంటే? ఈ "ఉంటే"లే మనిషిని తినేస్తాయి. 65-7లో అలాంటిది ఒక్కటి కూడా దొరకదు. వెతికాను కూడా. జార్జియా 589 గజాలు, మేము 188. రెఫరీని తిట్టడానికి లేదు, అదృష్టాన్ని తిట్టడానికి లేదు. గాయంతో మిల్లర్ ఆడలేదన్నది నిజమే, కానీ అతనుంటే 65-14 అయ్యేదేమో. అంతకు ముందు ఏడాది కూడా చాంపియన్ జార్జియానే, ఈసారైతే ఫైనల్‌తో కలిపి 15 ఆడి 15 గెలిచారు. దేశంలో మంచి మంచి హైస్కూల్ కుర్రాళ్ళంతా ఏటా అక్కడికే వెళ్తారు. మాది అప్పటికి 12 వేల చిల్లర విద్యార్థులున్న ప్రైవేట్ కాలేజీ. ముందు ఏడాది మా రికార్డు ఐదు గెలుపులు, ఏడు ఓటములు. కొత్త కోచ్ సానీ డైక్స్‌కి అది మొదటి సీజన్. వాళ్ళ లైన్‌లో కుర్రాళ్ళు మా వాళ్ళని తోసుకుంటూ పోతుంటే నాకు కోపం రాలేదు, లెక్క అర్థమైంది. వాళ్ళు మా కంటే చాలా బలమైన జట్టు, అంతే.

ఈ మాట బెంగళూరులో ఎవరికైనా ఇట్టే అర్థమవ్వాలి. మా టీమ్‌లో ఒక కన్నడ కుర్రాడు పుట్టుకతో ఆర్‌సీబీ. 2017లో కోల్‌కతా మీద 49కి ఆలౌట్ అయిన సంగతి ఎత్తితే నవ్వేస్తాడు, తనే జోకులు వేస్తాడు. 2016 ఫైనల్ ఎత్తి చూడండి. చిన్నస్వామిలో, సొంత జనం ముందు, 209 లక్ష్యం, గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కే 114 కొట్టేశారు. అయినా 8 పరుగుల తేడాతో పోయింది. "బిడు గురూ" (వదిలెయ్ గురూ) అని లేచి వెళ్ళిపోతాడు. 2025లో కప్పు వచ్చాక కూడా అంతే. ఆ రోజు గెలిచింది మన హైదరాబాద్ కాబట్టి నేను సానుభూతి చూపిస్తే ఇంకా మండుతుంది, అందుకని చూపించను.

నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. "కనీసం ఫైనల్‌కి వెళ్ళారు కదా" అని ఓదార్చేవాళ్ళు. ఆ "కనీసం" ఎందుకు? డిసెంబర్ 31న ఫియెస్టా బౌల్ అనే సెమీఫైనల్లో మిషిగన్‌ని 51-45తో ఓడించి మరీ వెళ్ళాం. నవంబర్‌లో బేలర్ మీద చివరి సెకన్లలో టైమవుట్ కూడా లేక, కిక్కింగ్ యూనిట్ పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి గోల్ కొట్టి 29-28తో గెలిచింది. డగ్గన్ సంగతి తీసుకోండి. 2020లో గుండెకి పెద్ద ప్రొసీజర్ జరిగింది. 2022 మొదట్లో అసలు మొదటి జట్టులోనే లేడు. మొదటి ఆటలో ఇంకొకడికి దెబ్బ తగిలితే లోపలికొచ్చాడు. సీజన్ చివరికి, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానం. ఇవన్నీ ఆ జనవరి రాత్రికి ముందే జరిగిపోయాయి. ఫైనల్లో 58 పాయింట్ల తేడా వచ్చిందని మిషిగన్ వెనక్కి వచ్చి గెలవలేదు కదా.

మరుసటి ఏడాది మళ్ళీ ఐదు గెలుపులు, ఏడు ఓటములు. "చూశావా, అదంతా గాలివాటం" అన్నారు ఇక్కడివాళ్ళు. కావచ్చు. ఆ సీజన్ మొదటి ఆటే కొలరాడో మీద. డియాన్ సాండర్స్ వాళ్ళకి కోచ్‌గా వచ్చాక అదే మొదటి ఆట. మనకి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి. 45-42. మళ్ళీ మూడు పాయింట్లు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఆ 58 సంగతి. బౌల్ ఆటల్లో, అంటే సీజన్ అయ్యాక జరిగే పెద్ద ఆటల్లో, అప్పటికి అంత తేడాతో ఎవరూ ఓడలేదు. ఏడాది తిరక్కుండానే, 2023 డిసెంబర్‌లో ఆరెంజ్ బౌల్‌లో, అదే జార్జియా ఫ్లోరిడా స్టేట్‌ని 63-3తో కొట్టింది. రికార్డు మా చేతుల్లోంచి పోయింది. ఆఫీసులో ఈ విషయం ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ బౌల్ అంటే ఏమిటో మొదట్నుంచీ చెప్పాలి. 65 అనుకుంటే అనుకోనీ. కాన్సస్ స్టేట్ పేరు ఎత్తకపోతే చాలు.