సీడర్ వాల్టన్ రికార్డులు: 1973 నుంచి 1977 దాకా

జూలై 6

నిన్న రాత్రితో 41 ఆల్బమ్‌లు అయ్యాయి. నవంబరులో 1958 దగ్గర మొదలుపెట్టాను, ఇప్పుడు 1973 జనవరికి వచ్చాను. హార్డ్ బాప్ అనే జాజ్ శైలి పియానిస్టు సీడర్ వాల్టన్ వాయించినవాటిలో నాకు దొరికినవన్నీ, రికార్డు చేసిన తేదీల వరసలో వినాలన్నది నేను పెట్టుకున్న పని. సొంత పేరు మీద వచ్చినవీ, వేరేవాళ్ల బృందంలో కూర్చుని వాయించినవీ రెండూ.

ఆయన 1934 జనవరి 17న టెక్సస్‌లోని డల్లస్‌లో పుట్టారు. మొదట పియానో నేర్పింది వాళ్లమ్మే. 1955లో న్యూయార్క్ చేరారు. కొంతకాలం సైన్యంలో పనిచేసి తిరిగొచ్చాక, 1958లో ట్రంపెట్ విద్వాంసుడు కెన్నీ డోర్హామ్‌తో మొదటి రికార్డు. ఆ తర్వాత ట్రాంబోన్ విద్వాంసుడు జె.జె. జాన్సన్ దగ్గర, జాజ్‌టెట్ అనే బృందంలో, 1961 నుంచి 1964 దాకా డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ నడిపిన జాజ్ మెసెంజర్స్ బృందంలో. 2011లో కూడా ఆయన పేరు మీద ఆల్బమ్ వచ్చింది. 2013 ఆగస్టు 19న బ్రూక్లిన్‌లో పోయారు. యాభై ఏళ్లకు పైగా రికార్డింగ్ స్టూడియోలకు వెళ్తూనే ఉన్న మనిషి.

పియానో జాజ్ వినేవాళ్లు మొదట చెప్పుకునే పేర్లలో ఈయన పేరు ఎక్కువగా రాదు. దానికి కారణం ఆయన గొప్పతనంలోనే ఉందని నాకు అనిపిస్తోంది. ఆయన చేసిన పనిలో చాలా భాగం ఇంకొకరు సోలో వాయిస్తున్నప్పుడు వెనక చేసినదే. జాజ్‌లో దాన్ని కాంపింగ్ అంటారు, మనకు పక్కవాద్యం అంటే తెలుస్తుంది. పక్కవాద్యాన్ని పట్టుకుని వింటే ప్రధాన గాత్రం ఎంత బాగా పాడుతున్నదీ రెట్టింపు తెలుస్తుందని నాన్న అంటుంటారు. సీడర్‌ని అలాగే వినాలి.

పద్ధతి ఇది. ఒక్కో ఆల్బమ్ మూడుసార్లు. మొదటిసారి ఏమీ రాసుకోకుండా మొత్తం. రెండోసారి పియానో ఎడమ చేయి ఒక్కటే. ఒక రోజు ఆగి మూడోసారి బేస్, డ్రమ్స్. కంప్యూటర్లో ఒక షీటు పెట్టుకున్నాను: రికార్డు చేసిన తేదీ, ఊరు, స్టూడియోనా క్లబ్బా, ఎవరి పేరు మీద వచ్చింది, బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, అందులో సీడర్ సొంత రచనలేవి. "ఎవరి పేరు మీద" అన్న గడి లేకపోతే ఈ పని సాగదు. పాటల యాప్‌లో సీడర్ పేరు కొడితే అన్నీ ఒకేచోట రావు. ఉదాహరణకు "ఈస్టర్న్ రెబెలియన్" అన్నది ఆల్బమ్ పేరూ, బృందం పేరూ కూడా. బృందం పేరుతో విడిగా వెతకాలి. జో హెండర్సన్, లీ మోర్గన్, హాంక్ మోబ్లీ ఆల్బమ్‌లలో ఆయన ఉన్నవాటిని వాళ్ల పేర్ల కింద ఒక్కొక్కటిగా తీసి రాసుకోవలసి వచ్చింది.

ఈ వారం విన్నవి "ఎ నైట్ ఎట్ బూమర్స్" రెండు భాగాలు. న్యూయార్క్ బ్లీకర్ స్ట్రీట్‌లోని బూమర్స్ అనే క్లబ్బులో 1973 జనవరి 4న తీసినవి. టెనర్ శాక్సఫోన్ క్లిఫర్డ్ జోర్డన్, బేస్ శామ్ జోన్స్, డ్రమ్స్ లూయిస్ హేస్. జోర్డన్ ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీలో సీడర్ ఒక కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపు) వేస్తారు, జోర్డన్ తర్వాతి మాట దాని మీద నుంచే మొదలవుతుంది. ఇది ఒకసారి జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. "హోలీ ల్యాండ్" అనే పాట ఒక్కదాంట్లోనే ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెడుతూ మధ్యలో లెక్క మానేసి వింటూ ఉండిపోయాను.

జూలై 19

ఎడమ చేయిని విడదీసి వినడానికి ఒక దారి దొరికింది. డబుల్ బేస్ అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పియానో మధ్య సీ 262 దగ్గర. సీడర్ కార్డులు ఎక్కువగా ఆ మధ్య సీకి అటూ ఇటూ ఉంటాయి. అడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హై పాస్ ఫిల్టర్ తీసుకుని 180 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గించాను. బేస్ పలచబడింది, ఎడమ చేయి పైకి తేలింది. తర్వాత ఛేంజ్ టెంపోలో వేగం 70 శాతానికి దించాను. శ్రుతి మారదు, నడక మాత్రమే నెమ్మదిస్తుంది. 60 కంటే కిందికి దించితే సింబల్ చప్పుడు చిలికినట్టు అయిపోతుంది కాబట్టి నేను దించను. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, ఫోను స్పీకర్లో ఇవేవీ వినపడవు.

ఇలా రోజుకు ఎనిమిది బార్లు (తాళం లెక్కలో చిన్న ముక్కలు) మాత్రమే రాసుకుంటున్నాను. అంతకు మించితే చెవి అలిసిపోయి ఊహించి రాయడం మొదలవుతుంది.

ఆగస్టు 3

"ఈస్టర్న్ రెబెలియన్" ఎల్పీ వచ్చింది. 1975 డిసెంబరులో తీసినది, డచ్ కంపెనీ టైమ్‌లెస్ విడుదల చేసింది. విదేశంలో ఒక అమ్మకందారు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గీతలు లేవని రాశారు. నిజంగానే గీతలు లేవు, కానీ రెండో వైపు నిండా బూజు. ఒకచోట సూది ఎగిరి అదే ముక్క మళ్లీ మళ్లీ. చాలా బాధేసింది. రెండు నెలలు ఎదురు చూసిన రికార్డు అది.

తిప్పి పంపడం అయ్యే పని కాదు, అందుకే శుభ్రం చేశాను. మూడు వంతుల డిస్టిల్డ్ వాటర్, ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కుళాయి నీళ్లు వాడితే ఆరాక ఉప్పు మిగులుతుంది. మధ్యలో ఉన్న లేబుల్ తడవకుండా ప్లాస్టిక్ మూత ఒకటి నొక్కిపెట్టి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే దిక్కునే తుడిచాను, అడ్డంగా కాదు. రెండు నిమిషాలు నానబెట్టి మళ్లీ ఒకసారి. చివర ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో. సూది ఎగిరే చోట దీపం పక్కగా పెట్టి చూస్తే ఆవగింజలో నాలుగోవంతు ఉన్న ఎండిన మురికి గాడిలో కూర్చుని ఉంది. తడి గుడ్డ అయిదు నిమిషాలు దాని మీద ఉంచాను. మెత్తబడి వచ్చేసింది. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా తిరుగుతోంది.

ఇంట్లో తాతల నాటి గ్రామఫోను ప్లేట్లు ఉన్నవాళ్లు మాత్రం ఈ మందు వాడకండి. 78 వేగంతో తిరిగే ఆ పాత ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరిగి పాడవుతాయి. వాటికి డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే చాలు.

మా విశాఖలో వానాకాలం రికార్డులకు శత్రువు. కాగితం లోపలి కవరు తేమ పీలుస్తుంది, అక్కడి నుంచే బూజు. అన్నిటికీ పాలిథిన్ లైనింగ్ ఉన్న కవర్లు మార్చాను. బీరువాలో నిలబెట్టే పెడుతున్నాను, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకర పోతాయి. అరలో నాలుగు సిలికా జెల్ సంచులు. సూది బరువు కూడా ఈ సందర్భంలోనే చూశాను. నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద 2.6 గ్రాములు చూపించింది. నా కార్ట్రిడ్జ్‌కి, అంటే సూదిని పట్టి ఉంచే భాగానికి, ఉండాల్సింది 2. సరిచేశాక పియానో పై స్వరాల్లో ఉన్న గరగర పోయింది. ఇన్ని నెలలు అది రికార్డింగ్ లోపమనుకున్నాను.

సాయంత్రం నాన్న పక్క గదిలో పేపరు చదువుకుంటుంటే ఆ ఎల్పీలోని "ఫైవ్ ఫోర్ థింగ్" పెట్టాను. పేరులో ఉన్నట్టే అయిదు దెబ్బల నడక. కాసేపటికి నాన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వేళ్లు తొడ మీద తకతకిట వేస్తున్నాయి.

"ఖండంలా నడుస్తోంది కదరా?"

"అవును నాన్నా, అయిదే."

"మరి ఆ డప్పులాయన ఎక్కడా బరువు పెట్టడం లేదే? అంత తేలిగ్గా ఎలా వాయిస్తున్నాడు?"

ఆ డప్పులాయన బిల్లీ హిగ్గిన్స్. నేను మూడుసార్లు విని రాసుకున్న నోట్సులో లేని మాట అది. ఆ రాత్రి షీటులో హిగ్గిన్స్ గడిలో నాన్న ప్రశ్న అలాగే రాసిపెట్టుకున్నాను. సీడర్, శామ్ జోన్స్, హిగ్గిన్స్ ముగ్గురూ ఎందుకంత బాగా కుదిరారో తెలుసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ముగ్గురిలో ఎవరూ నేల అదిరేలా అడుగు వేయరు.

ఆగస్టు 19

ఆయన పోయిన రోజు. ఇవాళ కొత్త ఆల్బమ్ ఏదీ పెట్టలేదు. "నయీమా" అనే పాట ఒక్కటే, మూడు రికార్డింగుల్లో, ఒకదాని వెంట ఒకటి.

మొదటిది 1959. శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ "జెయింట్ స్టెప్స్" ఆల్బమ్ తయారు చేస్తున్న రోజులు. ఆల్బమ్‌లో పియానో టామీ ఫ్లానగన్‌ది, "నయీమా"లో మాత్రం వింటన్ కెల్లీది. కానీ దానికి ముందే కోల్ట్రేన్ అవే పాటలు సీడర్‌తో కలిసి స్టూడియోలో ఒకసారి తీశారు. బేస్ పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ లెక్స్ హంఫ్రీస్. ఆ టేకులు అప్పట్లో బయటికి రాలేదు, 1970లలో "ఆల్టర్నేట్ టేక్స్" పేరుతో వచ్చాయి. విడుదల సంవత్సరం పట్టుకుని విని ఉంటే ఇవి నాకు సీడర్ నడివయసులో తగిలేవి. తేదీల వరస పెట్టుకున్నది ఇందుకే. పాతికేళ్ల కుర్రవాడు అక్కడ కూర్చుని ఉన్నాడని తెలిసి వినడం వేరు.

"జెయింట్ స్టెప్స్" పాట బీ (B), జీ (G), ఈ ఫ్లాట్ (E♭) అనే మూడు ఆధార స్వరాల మధ్య గిరగిరా తిరుగుతుంది. ఒకటి రెండు బార్లకే కాళ్ల కింద నేల మారిపోతుంది. ఆ టేకుల్లో సీడర్ సోలో లేదు. వెనక కార్డులు పడుతూ ఉంటాయి, ఒక్కటి కూడా ఆలస్యం కాకుండా. ఆ వేగంలో అది చిన్న పని కాదు.

"నయీమా" దానికి పూర్తిగా ఎదురు. కోల్ట్రేన్ దాన్ని కింద ఒకే బేస్ స్వరం నిలబెట్టి రాశారు. చాలాసేపు ఈ ఫ్లాట్, మధ్య భాగంలో బీ ఫ్లాట్. తంబురా శ్రుతి మీద పాడినట్టు ఉంటుంది, పైన కార్డులు మారుతున్నా కింద నేల కదలదు. 1959 టేకులో సీడర్ ఆ నిశ్చలతను కాపాడుతూ కూర్చున్నారు.

రెండోది 1973, బూమర్స్ క్లబ్బు. మూడోది 1975, "ఈస్టర్న్ రెబెలియన్", టెనర్ మీద జార్జ్ కోల్‌మన్. ఇక్కడికి వచ్చేసరికి పాట ఆయన సొంతమైపోయింది. అదే మెట్టు, కానీ కింద నడక పుట్టింది. నిలబడిన నీరు వాగై కదిలింది. వాద్యాలు నాలుగే, అయినా ఎవరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ కలవాలో ముందే కుట్టిపెట్టినట్టు ఉంటుంది. సీడర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పెద్ద బ్యాండ్‌కు రాసినంత శ్రద్ధగా నలుగురికి కూర్చడం. పదహారేళ్ల కిందట తను వెనక కూర్చుని వాయించిన పాటను ఆయన మరిచిపోలేదు. కోల్ట్రేన్ 1967లోనే పోయారు.

మూడూ కలిపి అరగంటకు మించవు. మొత్తం రెండుసార్లు విన్నాను.

సెప్టెంబరు 14

మెసెంజర్స్ రోజుల్లో రాసిన "ఉగెట్సు"కి మళ్లీ వెళ్లాను. 1963 జూన్‌లో న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో తీసిన కచేరీ. ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, వేన్ షార్టర్ టెనర్, కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్, రెజీ వర్క్‌మన్ బేస్. ఆ ఏడాది మొదట్లోనే బృందం జపాన్ వెళ్లి వచ్చింది, పేరు అక్కడిది. 1977లో ఇదే పాట "ఫాంటసీ ఇన్ డి" అని పేరు మారి "ఈస్టర్న్ రెబెలియన్ 2"లో వస్తుంది, టెనర్ మీద బాబ్ బర్గ్. పేరు వేరు కావడంతో నా షీటులో రెండు వేరు పాటలుగా పడి ఉంది, ఇవాళ కలిపాను. మీరూ ఇలాంటి లెక్క పెట్టుకుంటే పాట పేరుకి పక్కనే "ఇంకో పేరు" అని ఒక గడి ఉంచుకోండి. బ్లేకీ దగ్గర మూడు ఊదే వాద్యాలు చేసిన పనిని 1977లో ఒక్క టెనరూ, సీడర్ పది వేళ్లూ చేస్తున్నాయి. పాట ఎక్కడా పలచబడలేదు.

"మోడ్ ఫర్ జో"కి కూడా ఇలాంటి జత ఉంది: 1966 జనవరిలో జో హెండర్సన్ ఆల్బమ్ కోసం రాసినప్పుడు ఏడుగురు, 1975లో నలుగురు. దాన్ని ఇంకా సరిగ్గా పోల్చలేదు.

ఇక నా కీబోర్డు సంగతి. "బొలీవియా" నేర్చుకుంటున్నాను. సీడర్ రచనల్లో మిగతా విద్వాంసులు ఎక్కువగా వాయించేది ఇదే. ఫ్రెడ్డీ హబ్బర్డ్ 1991లో ఒక ఆల్బమ్‌కి ఇదే పేరు పెట్టారు, అందులోనూ పియానో సీడర్‌దే. మొదటి భాగమంతా జీ సెవెన్ మీద బేస్ ఒకే తిరుగుడు తిరుగుతూ ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా కట్టు తెంచుకుని స్వింగ్‌లోకి దూకుతుంది. నాకు పట్టుబడనిది ఆ దూకుడు. మొదటి భాగంలో బిగబట్టిన చేయి రెండో భాగంలో వదులు కాదు.

రెండు మార్పులు పనిచేశాయి. ఎడమ చేతిలో నాలుగు స్వరాలు పట్టడం మానేసి రెండే పడుతున్నాను, జీ సెవెన్‌కి బీ, ఎఫ్. కార్డ్ రంగు చెప్పేవి ఆ రెండే, జీ సంగతి బేస్ చూసుకుంటుంది. రెండోది మెట్రోనోమ్. 70కి పెట్టి, ఆ దెబ్బను ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద వింటున్నాను. అంటే అసలు వేగం 140. మొదటి వారం ప్రతిసారీ దెబ్బ జారి ఒకటి మీదికి వచ్చేసేది. అప్పుడు వాయించడం ఆపి, నోటితో లెక్కపెడుతూ రెండో దెబ్బకి చప్పట్లు కొట్టి, మళ్లీ ఎక్కేవాణ్ణి. ఇప్పుడు నాలుగు ఆవృత్తాలు జారకుండా వెళ్తున్నాను. నిన్న 72కి పెంచాను.

నెలకు నాలుగు కంటే ఎక్కువ పెంచను. తర్వాత వినవలసినవి 1977 అక్టోబరులో కోపెన్‌హేగెన్ మోన్‌మార్త్ క్లబ్బులో తీసిన మూడు సెట్లు. శామ్ జోన్స్ 1981లో పోయారు కాబట్టి సీడర్, జోన్స్, హిగ్గిన్స్ ముగ్గురూ కలిసి ఉన్న రికార్డులు ఇక కొన్నే. వాటిని తొందరగా అవగొట్టే ఉద్దేశం లేదు. వారానికి ఒక సెట్టు, ఆదివారం రాత్రి, నాన్న పడుకునే ముందు.