ఇంటి పన్ను రసీదులో లైబ్రరీ లైను

మొన్న ఇంటి పన్ను కట్టి రసీదు చూస్తుంటే అందులో లైబ్రరీ సెస్ అని ఒక లైను కనబడింది, ఇన్నేళ్లుగా కడుతూనే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం నడిచే పద్ధతి ఇది, మున్సిపాలిటీలు పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వాలి. (ఇవ్వాలి అన్నాను, ఇస్తున్నాయి అన్లేదు. బకాయిల గోల ఎప్పుడూ ఉండేదే.)

మా బావకి చెప్తే "ఫోన్లో అన్నీ దొరుకుతుంటే ఇంకా లైబ్రరీలేంట్రా, దండగ" అన్నాడు. ఆయన లోపలికెళ్లి ఎన్నేళ్లయిందో మరి.

మా బ్రాంచి లైబ్రరీ తలుపులు తీయకముందే మెట్ల మీద ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలు కూర్చుని ఉంటారు, సంచిలో అన్నం డబ్బా, నీళ్ల సీసా, జిరాక్స్ మెటీరియలు. నిజానికి వాళ్లలో సగం మంది బీరువాలో పుస్తకం ముట్టుకోరు. వాళ్లకి కావల్సింది ఒక కుర్చీ, తిరిగే ఫ్యాను, "ఇంకెన్నాళ్లు చదువుతావ్" అని ఎవరూ అడగని చోటు. రెండు గదుల ఇంట్లో టీవీ పక్కన కూర్చుని గ్రూప్స్‌కి చదవమంటే ఎలా చదువుతారు చెప్పండి? ప్రైవేటు రీడింగ్ రూముకి నెలనెలా డబ్బు కట్టలేకే కదా ఇక్కడికొచ్చేది. హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనూ ఇదే కథ, కాకపోతే జనం ఎక్కువ. రిజిస్టర్లో ఎన్ని పుస్తకాలు ఇచ్చారో రాస్తారు గానీ, ఇక్కడ చదువుకుని ఉద్యోగం కొట్టిన పిల్ల ఏ కాలమ్‌లోకి వస్తుంది? రిటైరయిన పెద్దాయనలు ఒకే పేపర్ని నాలుగు ముక్కలు చేసి పంచుకుంటూ రాజకీయాలు మాట్లాడుకోడం ఎక్కడ రాస్తారు?

అప్పట్లో గవర్నమెంటు లేకుండానే నడిపారు కదా అంటారు కొందరు. నిజమే, వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నాటిది, 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలేసుకుని కాలువ వెంబడి ఊళ్లకి తిప్పించారు. కానీ అంత పిచ్చి ఉన్న మనిషి ప్రతి ఊరికీ దొరకడు కదండీ, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తుంది.

అలాగని పొగడ్డమే కాదు, మా లైబ్రరీలో బాత్రూం సరిగ్గా లేక ఆడపిల్లలు మధ్యాహ్నానికే సర్దుకుని వెళ్లిపోతారు, కొత్త పుస్తకం చూసి చాలా కాలమైంది.

బావ చేత కూడా రసీదు వెతికించా. లైబ్రరీ సెస్ ఏడాదికి 192 రూపాయలు, మొన్న మేమిద్దరం తిన్న బిర్యానీ అంత కూడా లేదు. వచ్చే వారం లాక్కెళ్తా, శుక్రవారం తప్ప, ఆ రోజు సెలవు.