ఆఫ్రికన్ వయొలెట్: ఆకులు నిండుగా ఉన్నాయి, పూలేవి?

నర్సరీ నుంచి తెచ్చినప్పుడు గుత్తులుగా పూసి ఉంటుంది. ఆ పూలు వాడిపోయాక నెలలు గడిచినా మొగ్గ కనిపించదు. ఆకులు మాత్రం పచ్చగా, మెత్తగా, ముఖమల్ గుడ్డలా ఉంటాయి. ఈ దశలో అందరూ ఇచ్చే సలహా ఎరువు వేయమని. వేస్తే ఇంకా పెద్ద ఆకులు వస్తాయి, అంతే. పూత ఆగడానికి మొదటి కారణం వెలుతురు చాలకపోవడం, రెండోది కుండీ పెద్దదైపోవడం, మూడోది మొక్క మొదలు దగ్గర పిలకలు పుట్టడం. ఎరువు సంగతి ఆ తర్వాతే.

ఈ మొక్క ఎక్కడిదో తెలిస్తే దాని కోరికలు సులువుగా అర్థమవుతాయి. దీని సొంత ఊరు తూర్పు ఆఫ్రికా, ఇప్పటి టాంజానియాలోని ఉసంబర కొండలు, ఆ చుట్టుపక్కల అడవులు. 1892లో అక్కడ జర్మన్ అధికారిగా ఉన్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఇల్లేర్ దీన్ని సేకరించి జర్మనీలోని తండ్రికి పంపాడు. మరుసటి ఏడాది హెర్మన్ వెండ్‌లాండ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ ఇంటిపేరు మీదే సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. 2015లో శాస్త్రవేత్తలు దీన్ని స్ట్రెప్టోకార్పస్ ప్రజాతిలో కలిపేశారు. పెంచేవాళ్లు మాత్రం పాత పేర్లే వాడుతున్నారు. అసలు వయొలెట్ పూలకీ దీనికీ చుట్టరికమే లేదు.

అడవిలో ఇది పెద్ద చెట్ల నీడన, రాళ్ల మీది నాచులో, బండల పగుళ్లలో గుప్పెడు మట్టి కూడా లేని చోట పెరుగుతుంది. అందుకే వేర్లు సన్నగా, పైపైనే ఉంటాయి. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పగలు ఇంచుమించు 12 గంటలు. ఎండ నేరుగా తగలదు, వెలుతురికి మాత్రం కొదవ ఉండదు. మన ఫ్లాట్లలో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసి: పొద్దున గంటసేపు తీక్షణమైన ఎండ, మిగతా రోజంతా మసక.

కిటికీలో పెంచాలంటే తూర్పు కిటికీ మంచిది, పల్చటి తెల్ల కర్టెన్ వేసి. ఉత్తరం కిటికీ ఎప్పుడూ నీడ అన్న మాట మన దగ్గర పూర్తిగా చెల్లదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఉత్తరం కిటికీలోకి ఏటవాలు ఎండ పడుతుంది. చలికాలం అంతా హాయిగా ఉన్న మొక్కకి జూన్‌లో ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు ఎందుకొచ్చాయో తెలియక చాలామంది తెగులు మందు కొడతారు. అది ఎండదెబ్బ.

కిటికీ కంటే నమ్మదగింది ట్యూబ్‌లైటు. 4 అడుగుల 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు రెండు, 6500 కెల్విన్‌వి (తెల్లటి వెలుతురు ఇచ్చేవి), మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికేవే చాలు. మొక్కలు పెట్టే అరకి పైన ఒకదానికొకటి 6, 7 అంగుళాల ఎడంలో బిగించి, ఆకులకీ లైటుకీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఉంచండి. ఊదారంగు గ్రో లైట్లు అక్కర్లేదు. వాటి కింద మొక్కకి జబ్బు చేసినా రంగు తెలియదు. 12 గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి. రోజుకి కనీసం 8 గంటల చీకటి తప్పనిసరి, రాత్రంతా లైటు వెలిగే హాల్లో పెడితే పూత దెబ్బతింటుంది. పెట్టిన మర్నాడే మొగ్గ కోసం చూడకండి. వెలుతురు మార్చాక పూత రావడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

వెలుతురు సరిపోయిందా లేదా మొక్కే చెబుతుంది. కాడలు పొడుగై ఆకులు పైకి చేతులెత్తినట్టు నిలబడితే చాలలేదు, లైటు దించండి. ఆకులు కుండీ అంచుని కౌగిలించుకున్నట్టు కిందికి వంగి, మొవ్వు (నడిమి లేతాకుల గుత్తి) బిగుసుకుపోయి, రంగు వెలిసిపోతే ఎక్కువైంది. రెండు అంగుళాలు ఎత్తండి, లేదా 10 గంటలకి తగ్గించండి. ఆకులు పళ్లెంలా చదునుగా పరుచుకుంటే సరిపోయినట్టు.

కుండీ దగ్గర లెక్క సులువు: మొక్క వెడల్పులో మూడో వంతు. 12 అంగుళాలు పరుచుకున్న మొక్కకి 4 అంగుళాల కుండీ, పిల్లమొక్కకి టీ తాగి పారేసే ప్లాస్టిక్ కప్పు. పాపం ఇరుకుగా ఉందని 6 అంగుళాల దాంట్లోకి మారిస్తే వేర్లు అందుకోని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. కుళ్లకపోయినా, వేర్లు కుండీని నింపేదాకా మొక్క పూత మాట ఎత్తదు. మట్టి కుండీ అందంగానే ఉంటుంది కానీ దాని అంచుకి ఉప్పు పేరుకుని, ఆనిన కాడలు కుళ్లుతాయి. ప్లాస్టిక్కే మేలు.

ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు దీనికి వద్దు. సన్న వేర్లు ఊపిరాడక చస్తాయి, ఇంట్లో చిన్న నల్ల ఈగలు ముసురుతాయి. కొబ్బరి పొట్టు, పెర్లైట్, వర్మిక్యులైట్ సమపాళ్లలో కలపండి (చివరి రెండూ మట్టిని గుల్లగా ఉంచే తేలికైన ఖనిజ పలుకులు). కింద చెప్పబోయే ఒత్తి పద్ధతిలో నీళ్లిచ్చేట్టయితే కొబ్బరి పొట్టు, పెర్లైట్ సగం సగం. కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టి, నీళ్లు మార్చి కనీసం మూడుసార్లు కడిగి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. మొక్కకి నచ్చే పీహెచ్ (మట్టి పులుపుదనం, క్షారగుణం కొలత) 5.8 నుంచి 6.5.

ఇక నీళ్లు. తెలుగు ఊళ్లలో ఈ మొక్కని చంపేది ఎక్కువగా బోరు నీళ్లే. అందులోని సున్నం మెల్లగా పీహెచ్‌ని పైకి తోస్తుంది, ఇనుము వేర్లకి అందదు, మొవ్వులోని లేత ఆకులు పాలిపోయి పసుపుకి తిరుగుతాయి. ముదురాకులు పసుపైతే అది వయసు, లేదా నత్రజని లోపం. లేతాకులు పసుపైతే నీళ్లని అనుమానించండి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 200 లోపు చూపే నీళ్లయితే నిశ్చింత. లేకపోతే రెండు పాళ్లు ఆర్‌ఓ నీళ్లకి ఒక పాలు నల్లా నీళ్లు కలపండి. ఉత్త ఆర్‌ఓ నీళ్లతో కాల్షియం, మెగ్నీషియం అందవు. వాననీళ్లు దొరికితే అంతకంటే ఏం కావాలి.

నీళ్లు గది వేడిలోనే ఉండాలి. చలికాలం తెల్లవారుజామున ట్యాంకు నుంచి పట్టిన చల్లటి నీళ్లు ఆకు మీద పడితే, పడిన చోట లోపలి కణాలు పగిలి తెల్లటి వలయాలు ఏర్పడతాయి. అవి మళ్లీ పోవు. రాత్రే బకెట్లో పట్టి ఉంచితే ఈ బాధ లేదు. పళ్లెంలో నీళ్లు పోసి కుండీని 20, 30 నిమిషాలు నిలబెట్టి, మిగిలినవి పారబోయండి. మళ్లీ ఎప్పుడు పెట్టాలో వేలితో కంటే చేత్తో ఎత్తితేనే బాగా తెలుస్తుంది. తేలిగ్గా ఉంటే పెట్టాలి, బరువుగా ఉంటే రేపు చూద్దాం. మట్టి తడిగా ఉన్నా ఆకులు వేలాడుతుంటే అది దాహం కాదు, వేర్లు కుళ్లాయి. ఇంకొన్ని నీళ్లు పోస్తే కథ ముగిసినట్టే. మొక్కని బయటికి తీసి, గోధుమ రంగు వేర్లన్నీ కోసి, కాండం లోపల తెల్లగా కనిపించేదాకా చెక్కి, రెండు మూడు వరసల ఆకులే ఉంచి, తడి వర్మిక్యులైట్‌లో నాటి పారదర్శక ప్లాస్టిక్ కవరు కప్పండి. మూడు నాలుగు వారాల్లో కొత్త వేర్లు వస్తాయి.

మొక్కలు పది దాటితే ఒత్తి పద్ధతి హాయి. దీపంలో వేసే నూలు ఒత్తి పనికిరాదు, త్వరగా కుళ్లిపోతుంది. స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ దారం తీసుకుని, తడిపి, కుండీ అడుగు నుంచి మట్టిలోకి ఒక చుట్టు తిప్పి, రెండో కొసని కింద డబ్బాలోని నీళ్లలోకి వదలండి. కుండీ అడుగు నీళ్లకి తగలకూడదు. మట్టిని పైనుంచి ఒకసారి పూర్తిగా తడిపితేనే ఒత్తి పని మొదలుపెడుతుంది. డ్రిప్ రైతులకి అమ్మే 19-19-19 ఎరువుని (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) పావు టీస్పూను 4 లీటర్లలో కరిగించి వారానికోసారి ఇవ్వొచ్చు. ఒత్తి డబ్బాలోనైతే అందులో సగం. నెలకోసారి పైనుంచి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి పేరుకున్న లవణాలు కడిగేయండి. మొవ్వులో నారింజ రంగు పొడిలా కనిపిస్తే ఎరువు ఎక్కువైనట్టు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఎండాకాలం. 18 నుంచి 26 డిగ్రీల మధ్య ఈ మొక్క సుఖంగా ఉంటుంది. 30 దాటితే ఎదుగుదల నెమ్మదించి మొగ్గలు విచ్చకుండానే మాడతాయి. మార్చి మధ్యలోనే మొగ్గలన్నీ గిల్లేయడం మంచిది. మనసొప్పకపోయినా మొక్క బతుకుతుంది. ఎరువు ఆపండి, ఒత్తి తీసేయండి, మట్టి పైభాగం ఆరాకే నీళ్లు పెట్టండి. వేడి, తడి కలిస్తే రెండు రోజుల్లో మొవ్వు మెత్తబడి కుళ్లుతుంది. లైట్ల వేళని తిప్పేయడం మంచి ఉపాయం: రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా వెలిగించి, పగలు కర్టెన్లు మూసి చీకటిగా ఉంచితే, పగటి వేడికి లైట్ల వేడి తోడవదు. పైఅరలో వేడెక్కువ, మొక్కల్ని కింది అరకి దించండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఏప్రిల్‌లో హైదరాబాద్ గాలి పొడి, గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి పైన కుండీలు పెడితే మేలు. విశాఖ, కాకినాడల్లో ఆ పళ్లెం వద్దు, అక్కడ కావాల్సింది నెమ్మదిగా తిరిగే ఫ్యాను. ఆకుల మీద తెల్లంచు ఉన్న రకాలు వేసవిలో పూర్తి పచ్చగా మారితే కంగారు పడకండి, చలి రాగానే తెలుపు తిరిగొస్తుంది. ఇంకో సంగతి, మామిడిపండ్లు మగ్గేసిన గదిలో మాత్రం పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్‌కి పూలు ఒక్కసారిగా రాలిపోతాయి.

పూకాడ ఆకు చంకలోంచి, అంటే ఆకు కాడ కాండాన్ని కలిసే చోటు నుంచి, వస్తుంది. ఒకసారి పూసిన చంక మళ్లీ పూయడం అరుదు, అంటే కొత్త ఆకులు వస్తేనే కొత్త పూలు. కింది ముసలాకుల్ని పక్కకి వంచి విరిచేస్తుండండి, మూడు నాలుగు వరసలు చాలు. ఆకు చంకలో పుట్టింది మొగ్గో పిలకో తెలియకపోతే ఆగండి. రెండే చిట్టి ఆకులుండి మధ్యలో కాడ సాగితే పూత. నాలుగు ఆకులు కనిపిస్తే పిలక, పెన్సిలు మొనతో పెకలించేయండి. అరటికి పిలకలు వదిలేస్తే గెల చిన్నదైనట్టే ఇక్కడా. ఆకులు తీస్తూ పోతే కింద మోడులా మెడ మిగులుతుంది. ఆరు నెలలకోసారి ఆ మెడ ఎంత పొడుగుందో అంత మేర వేరుముద్దని అడుగు నుంచి కోసి, మెడని మెల్లగా గీకి, అదే కుండీలో కిందికి దించి కొత్త మట్టి నింపాలి.

పురుగుల్లో రెండింటిని గుర్తుపట్టాలి. మిరప రైతులకి వీటి వంశం పాత శత్రువే. పూల మీద పసుపు పుప్పొడి చల్లినట్టు రాలి ఉంటే తామర పురుగులు. పూలు, మొగ్గలు అన్నీ ఆరు వారాల పాటు గిల్లేసి, స్పినోసాడ్ అనే పురుగుమందు పిచికారీ చేయాలి. మొవ్వు బిగుసుకుని, బూడిద రంగు నూగుతో, ముడితే విరిగేంత పెళుసుగా ఉంటే సైక్లమెన్ నల్లి. మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లికి ఇది దాయాది, కంటికి కనిపించదు. ఒక్క మొక్కకే ఉంటే మందు వెతక్కుండా కవరులో కట్టి పారేయడమే తెలివి. పక్క మొక్కని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. పిండినల్లికి దూదిపుల్లని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి అద్దితే సరి.

పిల్లమొక్కలు ఆకుతోనే వస్తాయి. మరీ ముదురూ లేతా కాని ఆకుని, కాడ 3 సెంటీమీటర్లు ఉంచి ఏటవాలుగా కోసి, తడి మిశ్రమంలో ఒకటిన్నర సెంటీమీటరు లోతు గుచ్చి కవరు కప్పండి. 6 నుంచి 12 వారాల్లో కాడ మొదలు దగ్గర చిట్టి ఆకులు లేస్తాయి. పిల్ల ఆకులు తల్లి ఆకులో మూడో వంతు అయ్యాక విడదీయండి. అక్కడి నుంచి పూత 6 నుంచి 9 నెలలు. ప్రతి రేకు మధ్యన ఒక చార సాగి పువ్వు చక్రంలా కనిపించే కైమెరా రకాలు (రెండు రకాల కణజాలం కలిసి ఉన్నవి) మాత్రం ఆకుతో పెంచితే ఆ చారలు పోగొట్టుకుంటాయి. వాటికి పిలకే విత్తనం. అలాంటి మొక్క ఉంటే పైన చెప్పినట్టు పిలకలు పెకలించి పారేయకండి, నాటుకోండి.