చాంతాడంత పేరు

మా బాబాయి రాజమండ్రిలో ఉంటాడు. మా నానమ్మ పాడిన దంపుళ్ల పాటలు, ఊయల పాటలు పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌కి ఎక్కించి, పదీ పదిహేను కలిపి జిప్ చేసి నాకు పంపుతుంటాడు. ఆయన లెక్కలో ఫైలు పేరంటే పల్లవి మొత్తం, అదీ తెలుగులోనే. అలా 23 జిప్‌లు చేరాయి. ఒక్కొక్కటీ విప్పే ఓపిక లేక నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో పైథాన్‌ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వాటన్నిటినీ విప్పే చిన్న స్క్రిప్టు రాశాను.

మొదట వచ్చింది బ్యాడ్‌జిప్‌ఫైల్ ఎర్రర్, అంటే ఇది సరైన జిప్ కాదని. ఇది తొందరగానే తేలింది. ఆ ఫైలు సైజు 4 కేబీ! టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదట్లో ఉండాల్సిన పీ, కే అక్షరాలు లేవు (1989లో పీకేజిప్ తెచ్చిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి). లింకు గడువు అయిపోయి, లాగిన్ పేజీయే జిప్ పేరుతో దిగింది.

రెండోదానికి మాత్రం రెండు రాత్రులు నిద్ర లేదు. ఎర్రర్ నంబర్ 36, "ఫైల్ నేమ్ టూ లాంగ్". లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకీ పొల్లుకీ కూడా. ఆగిపోయిన పేరులో ఉన్న సంకేతాలు 38. అంటే 114 బైట్లు. సగం కూడా లేదు కదా!

"ఏరా, తెరుచుకున్నాయా?" అని బాబాయి రోజూ ఫోను. నాకేమో టెన్షన్.

చివరికి విప్పడం మానేసి, లోపలి పేర్లు మాత్రం ప్రింట్ చేయించాను. తెలుగు లేదు. ఒక గ్రీకు ఆల్ఫా, ఒక చుక్కల గడి, ఇంకేదో గుర్తు, మళ్లీ ఆల్ఫా, గడి... అప్పుడు వెలిగింది. పేరు యూటీఎఫ్-8లో (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) ఉందని చెప్పే చిన్న గుర్తు, ఒక బిట్, జిప్‌లో ఉంటుంది. అది పెట్టకపోతే పైథాన్ ఆ బైట్లను పాతకాలపు సీపీ437 పట్టిక ప్రకారం చదువుతుంది. మన ఒక్క సంకేతం మూడు పిచ్చి గుర్తులవుతుంది. వాటిని మళ్లీ డిస్కు మీద రాసేటప్పుడు మూడింటికీ కలిపి కనీసం 7 బైట్లు. 38ని 7తో గుణిస్తే 266. హద్దు దాటేసింది! పొట్టి పేర్లున్న పాటలు ఎర్రర్ లేకుండా విప్పుకుని, చెత్త పేర్లతో ఫోల్డర్‌లో కూర్చున్నాయి. నేనే చూసుకోలేదు.

మందు ఒక్క లైను. పైథాన్ 3.11 నుంచి జిప్‌ఫైల్ తెరిచేటప్పుడు మెటాడేటా_ఎన్‌కోడింగ్ అని ఇవ్వొచ్చు. అక్కడ యూటీఎఫ్-8 అని రాశాను. పాత వెర్షన్ అయితే పేరును సీపీ437లోకి ఎన్‌కోడ్ చేసి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేసుకోవాలి.

"పేర్లు చిన్నవి పెట్టమంటావా?" అన్నాడు బాబాయి.

"వద్దు బాబాయ్, పల్లవి ఉండనీ. ఆ 4 కేబీ దాన్ని మాత్రం మళ్లీ పంపు."

పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆదివారం ఇటొస్తున్న పిన్నితో పంపుతానన్నాడు.